శ్వేతసౌధ పంచాంగము

శ్రీ విశ్వావసు నామ సంవత్సర భాద్రపద బహుళ అమావాస్య, ఆదివారము. మన ఆడపడుచులు గునుగును తంగేడును ముందర పోసికొని ఎంగిలిపూల బతుకమ్మను పేర్చ కూర్చున్న వేళ, ఉదయము తొమ్మిదిన్నర దాటిన మరునిమిషమున, అమెరికా అధ్యక్షులవారు హెచ్-వన్-బి వీసాకు విధించిన లక్ష డాలర్ల దక్షిణ అమలులోనికి వచ్చినది. పెత్రామాస నాడు క్రొత్తపని తలపెట్టరాదని ఆయనకు చెప్పినవారు లేరు. చెప్పినను వినెడివారు కారు. ఆనాటి సూర్యగ్రహణము మన దేశమున కనిపింపదు గనుక పట్టువిడుపులు పాటింప నక్కరలేదని మన పంచాంగకర్తలు ముందే అభయమిచ్చియుండిరి. ఆకాశమున కనిపింపని ఆ గ్రహణము మంచిర్యాల వరపూజలకు మాత్రము సంపూర్ణముగా పట్టినది.

మన పెండ్లిండ్లకు లగ్నము పెట్టువారు మన అయ్యగార్లేనని ఇన్నాళ్లు నమ్మియుండుట మన అమాయకత్వము. అసలు సిద్ధాంతిగారు వాషింగ్టన్ నగరమున శ్వేతసౌధమందు వేంచేసియున్నారు; వారి పరివారము నెలనెలా తప్పక వెలువరించు వీసా బులెటినే మనకు మాసఫలము. ఐ.బి. చౌరస్తా దగ్గర సంబంధములు చూచు ఒక పెద్దమనిషి నోటుపుస్తకమును మొన్న తిరుగవేసి చూచితిని. గోత్రమునకు గీసిన గడిలో గోత్రము లేదు. ‘హెచ్-వన్, ఐ-వన్ఫార్టీ అయింది’ అని యొకచోట, ‘ఓపీటీ, ఇంక లాటరీ తాకలే’ అని మరియొకచోట, ఎఱ్ఱసిరాతో చుట్టి ‘గ్రీన్‌కార్డు — కట్నం మాట్లాడాలె’ అని వేరొకచోట వ్రాయబడి యున్నది. “పిలగాడు ఏ నక్షత్రమే?” అని అడుగు ముసలమ్మలు ఈ ఊర లేరని కాదు, “పిలగాడు దేనిమీదున్నడు?” అని అడుగు తండ్రులు వారిని వెనుకకు నెట్టినారు. ఈ ఊరనే ఒకనాడు బొగ్గుబాయిల పర్మినెంటు నౌకరీ యున్న వరుడు ఉచ్చస్థానమున నుండెడివాడు. అతని గ్రాట్యుటీయే నేడు కొడుకు ఎమ్మెస్సు ఫీజు రూపమున డల్లాసు చేరినది.

ఈ శాస్త్రమును నిందింపరాదు, ఇది మిక్కిలి గహనము. గ్రీన్‌కార్డు గజకేసరీయోగము. హెచ్-వన్ వరుని కట్టుకొని పోయిన వధువునకు హెచ్-ఫోర్ అను గ్రహస్థితి పట్టును. దాని ఫలము, ఎంత చదువు చదివినను ఉద్యోగము చేయరాక వంటయింటి కిటికీలోనుండి మంచును చూచుచుండుట. ఐ-వన్ఫార్టీ, అనగా గ్రీన్‌కార్డు అర్జీ, ఆమోదమైన వరుల భార్యలకైనను ఈ దోషమునకు శాంతి 2015 లో దొరికినది. ఇక గ్రీన్‌కార్డు తిథి సంగతి: చాల దేశములవారికి ముందునకు నడచు ఆ తిథి, ఏ దేశమునకును ఏటికి నూటికి ఏడింటికి మించరాదను నియమముచేత మనవారికి నిలిచిపోవును, ఒక్కొక్కమారు వక్రించి వెనుకకును నడచును. ఈబీ-టూ వరుసలో మనవారి తిథి 2025 చివరకును 2013 వద్దనే తచ్చాడుచుండెను. ఏలినాటి శనియైనను ఏడున్నరేండ్లకు వదలును.

పురుటి ముహూర్తములును వారివే. 2025 జనవరి 20న, ముప్పది దినములు గడచిన పిమ్మట తాత్కాలిక వీసాల దంపతులకు పుట్టు శిశువులకు పౌరసత్వము లేదని సిద్ధాంతిగారు వాక్రుచ్చగా, నెలలు నిండకమునుపే కోసి బిడ్డను తీయుడని మనవారు కొందరు వైద్యులను వేడినట్లు పత్రికలు వ్రాసినవి. న్యాయస్థానము అడ్డుపడకున్న ఆ ముహూర్తబలమున ఎందరు పసికందులు ముందే భూమిమీద పడియుండెడివారో!

పంచాంగమన్న తరువాత పాఠభేదము లుండక తప్పదు. లక్ష డాలర్లు ఏటేట చెల్లింపవలెనని శుక్రవారము వాణిజ్యమంత్రి లట్నిక్ సిద్ధాంతిగారు సెలవిచ్చిరి. కాదు, ఒక్కమారే, అదియు క్రొత్త దరఖాస్తులకే అని శనివారము శ్వేతసౌధ ప్రతినిధి లీవిట్ సిద్ధాంతినిగారు సవరించిరి. పూర్వపద్ధతికిని దృగ్గణితమునకును నడుమ చిక్కుకొని, సెలవుపై వచ్చిన పెండ్లికొడుకులు తిరుగు టికెట్ల కొఱకు పరుగులు తీసిరి.

ఆ శనివారమే మన విదేశాంగ శాఖ నోరు విప్పినది. ఈ చర్యచేత కుటుంబములు చెదరునని, మానవీయ దృష్టితో చూడవలసిన కష్టములు కలుగునని అమెరికాకు విన్నవించినది. కుటుంబములు! ఎంత మెత్తని హృదయము!

ఇక పంచాంగము మూసెదను.

2020 సెప్టెంబరులో ఇదే శాఖ, గల్ఫునకు పోవు మన కూలీలకు ఇంతకు తక్కువ ఇయ్యరాదని తాను నిర్ణయించిన కనీస వేతనమును తానే తెగ్గోసి, ఎమిరేట్సులో నెలకు 200 డాలర్లు చాలుననెను. అనగా సుమారు 735 దిర్హములు. భార్యను పిలిపించుకొనుటకు అక్కడ చూపవలసిన జీతము 4,000 దిర్హములు, యజమాని బస యిచ్చినచో 3,000. భార్యాభర్తలు ఒక్క కప్పు క్రింద బ్రతుకరాదని ఇంతకన్న స్పష్టముగా ఎట్లు చెప్పుదురు? గల్ఫు కార్మికుల పక్షమున తెలంగాణ హైకోర్టు మెట్లెక్కిన పిమ్మట, 2021 జూలైలో గాని ఆ కోత రద్దు కాలేదు. సాఫ్ట్‌వేరు సంసారమునకు ఒక్క దినమున కరిగిన గుండె, లేబరుక్యాంపులో ఇనుపమంచముల నడుమ మగ్గు మగని సంసారమునకు పది నెలలు పట్టినను తనంతట కరుగలేదు. దండేపల్లిలో, జన్నారములో రెండేండ్లకొకమారు రెండు నెలల ఛుట్టీలో మాత్రమే మగని మొగము చూచు ఆడుబిడ్డ కాపురము కాపురము కాదా? ఏజెంటు అప్పునకు పుస్తెలు కుదువపెట్టినది ఆమె. అకామా కాగితము గడువు తీరి ఖల్లివల్లియైన భర్త ఫోను కొఱకు రాత్రులు మేలుకొన్నది ఆమె. శవపెట్టె వచ్చినప్పుడు విమానాశ్రయమున సంతకము చేసినదియు ఆమెయే. ఆమె పక్షమున ఏ శనివారము ఏ ప్రకటన వెలువడినది? ఆ 200 డాలర్ల కాగితముపై సంతకము పెట్టిన పెద్దమనిషి, తన బిడ్డను 735 దిర్హముల పిలగానికిచ్చి, రెండేండ్లు ఇంట కూర్చుండబెట్టుకొని, అటుపిమ్మట మాకు కుటుంబముల గూర్చి చెప్పవలెను.