పుటల మధ్య ఒక మెట్రో కార్డు

ఈ కథ ఒక మెట్రో కార్డుది. 2017 నవంబరు చివర్లో నాగోలు నుంచి అమీర్‌పేటకు రైళ్లు మొదలైన కొద్ది రోజులకే, ఉప్పల్ స్టేషన్ కౌంటర్లో అది పుస్తకాలు చదివే ఒకామె చేతికొచ్చింది. ఎక్కేటప్పుడు గేటుకు ఆనించాలి, దిగేటప్పుడు ఆనించాలి. దానికి అప్పజెప్పిన పని అంతే. రెండో పని ఆమె పెట్టింది. రైలెక్కి కూర్చోగానే చదువుతున్న పుస్తకంలో దాన్ని దూర్చేసింది.

నాగోలు తర్వాతి స్టేషన్ ఉప్పలే కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ దాటేసరికి జనం నిండినా, కూర్చున్న మనిషికి అమీర్‌పేట దాకా చదువు సాగుతుంది.

పుస్తకం ఎలా ఉందని అడిగితే చాలామంది మొహమాటానికి బాగుందంటారు. ఆమె అలా అనదు. అనబోయినా కార్డుకు అసలు సంగతి తెలుసు. ఏ పుట దగ్గర రోజుల తరబడి ఉండిపోయిందో, ఏ అధ్యాయాలను ఒక్క ప్రయాణంలో దాటేసిందో దానికంటే బాగా ఎవరికి తెలుస్తుంది? 2020 మార్చిలో మెట్రో ఆగిపోయి, ఈ దారిలో సెప్టెంబరు 8 దాకా రైళ్లు లేవు. ఆ నెలల్లో కార్డు గేటు ముఖం చూడలేదు. పుస్తకాల్లో మాత్రం తీరిక లేకుండా తిరిగింది.

ఇటీవల అది ఎక్కువ రోజులున్నది కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో. పుస్తకం చిన్నదే. తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి వెళతాడు. కథంతా ఆ రాత్రే. ఆమె దాన్ని కావాలనే మెల్లగా చదివింది. చీకటి, నక్కల అలికిడి, ముసలివాడి ఒంటి అలసట ఇంత దగ్గరగా తెలిసే తెలుగు నవల తను ఇంకొకటి చదవలేదంటుంది. కేశవరెడ్డి డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. మనిషి శరీరం ఎక్కడ లొంగుతుందో, ఎక్కడ మొండికేస్తుందో ఆయనకు తెలుసునని ఆమె నమ్మకం. ఈ నవలను హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’తో పోల్చడం మామూలే. ఆమె రెండూ చదివి, పోలిక ఒంటరి ముసలితనం వరకే నిలుస్తుందంది. సముద్రంలో చేప కోసం పోరాడే శాంటియాగో వేటగాడు. ఈయన కాపరి, తను పెంచిన ప్రాణం కోసం వెళ్లినవాడు. ఆ భయం వేరు. అయినా లోపం లోపమే. ముసలాయన ఆలోచన అక్కడక్కడ చదువుకున్న రచయిత ఆలోచనలా మారిపోతుంది. అలాంటి ప్రతిచోటా మార్జిన్లో పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టింది.

మిగతా పుస్తకాలు ఎక్కువగా నాచారంలో ఉండే మేనమామవి. అక్కడి పారిశ్రామికవాడలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన ఇచ్చిన ‘ఏడు తరాలు’ అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’కు సహవాసి సంక్షిప్తంగా చేసిన అనువాదం. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని ఇంటింటికీ చేర్చింది. గాంబియా పల్లెలో కుంటా కింటే చిన్నతనం చదువుతూ ఆమె దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. కూతురు కిజీని అమ్మేశాక మాత్రం తరాలు మరీ తొందరగా గడిచిపోయాయని, ఒక్కొక్కరి దగ్గర ఇంకాస్త ఆగాల్సిందని ఆమె ఫిర్యాదు. హెరాల్డ్ కూర్‌లాండర్ నవల నుంచి భాగాలు తీసుకున్నాడన్న దావాలో హేలీ 1978లో రాజీపడిన సంగతి కూడా మామకు చెప్పింది. దాన్ని చరిత్రగా కాక నవలగా చదవాలని ఆమె వాదన. బానిస ఓడలోని ఆ పుటల బరువు మాత్రం దానివల్ల తగ్గదంది.

యండమూరి ‘తులసిదళం’ రెండు రోజుల్లో అయిపోయింది. పుట తిప్పించే నేర్పుకు ఆమె నిండుగా మార్కులేసింది. వైద్యమా, చేతబడా అన్నది తేల్చకుండా వదలడాన్ని ఒప్పుకోలేదు. బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన నేల ఇది. ఆ భయంతో ఆడుకోకూడదంది.

ఓల్గా ‘విముక్త’ దగ్గర మామాకోడళ్లకు గట్టిగా పడింది. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం అది.

“సీతమ్మ కథను మార్చి రాస్తే ఎట్ల బిడ్డా?”

“మార్చుడు తప్పు కాదు మామా. మన ఆడోళ్లు ఊర్మిళాదేవి నిద్ర పాట పాడుకోలేదా? వాల్మీకిల ఉన్నదా అది? నా పేచీ వేరే. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ నలుగురూ ఒక్కతీరుగనే మాట్లాడతరు. ముక్కుచెవులు పోయినామె మాట, శాపం పడ్డామె మాట ఒకటే ఎట్లయితది?”

“గట్లయితే నచ్చలేదన్నట్టేనా?”

“నచ్చింది. శూర్పణఖ తోట పెంచుకున్న కథ నాకు చానా ఇష్టం. ఆఖరుది ‘బంధితుడు’ ఇంకా ఇష్టం. అది రాముని కథ. రాజ్యం ఆయన్ని ఎట్ల కట్టేసిందో రాసింది. తిట్టలేదు మామా, నువ్వు సదువకుండనే తిట్టిందనుకున్నవు.”

కార్డు ఆ కథ మొదటి పుటలోనే ఉంది. మామ దాన్ని బయటికి తీసి ఆమెకిచ్చి, పుస్తకం తన దగ్గరే ఉంచుకున్నాడు. “ఐతారం రా. సదివి నా మాట నేను చెప్త” అన్నాడు.