నడుస్తోందిగా, ఇంకేం కావాలి?

నెట్‌వర్క్ ప్రోటోకాల్ రాసేవారిది రాజయోగం. వంతెన కట్టే ఇంజినీరు, బరువుకు అది ఎలా ఆగుతుందో కట్టకముందే లెక్క చూపించాలి. ప్రోటోకాల్ కర్తకు ఆ పీడ లేదు. రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి, ఇటునుంచి ఓ మెసేజ్ పంపి, అటునుంచి జవాబు రాగానే కాలరెగరేయవచ్చు. "ఇది సరైనదేనని ఏమిటండీ నమ్మకం?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక మంత్రం సిద్ధంగా ఉంటుంది: "నడుస్తోందిగా!"

అంతా బాగున్నప్పుడు నడవడం ఏం ఘనత? ప్రోటోకాల్ అంటేనే ఒకదాని మొహం ఒకటి చూడని యంత్రాల మధ్య ఒప్పందం. పంపిన మెసేజ్ దారిలో గల్లంతవుతుంది. ఒకటికి రెండుసార్లు చేరుతుంది. ముందు పంపింది వెనక వస్తుంది. అవతలి యంత్రం సగంలో చచ్చి, మళ్ళీ లేచి, ఎక్కడిదాకా వచ్చామో మరిచిపోతుంది. మధ్యలో ఒక కేటుగాడు కాపు కాసి ఉంటాడు. ఇవన్నీ ఏ వరసలో వచ్చిపడినా నిలబడితేనే అది ఒప్పందం. అంతవరకూ అది ఆశ.

ఈ ఆశ ఖరీదెంతో 1980 అక్టోబర్ 27న తెలిసింది. ఇంటర్నెట్‌కు పెద్దతల్లి లాంటి అర్పానెట్ ఆరోజు కొన్ని గంటలపాటు మంచం పట్టింది. శత్రువులెవరూ దండెత్తలేదు. ఒక నోడులో, అంటే మెసేజ్‌లను దారి పట్టించే ఒక యంత్రంలో, బిట్లు రాలిపోయాయి, అంతే. అప్పట్లో ప్రతి నోడూ తన లైన్ల క్షేమసమాచారాన్ని వరుస సంఖ్య వేసి అందరికీ చాటేది. సంఖ్యలు 0 నుంచి 63 దాకా వెళ్ళి మళ్ళీ సున్నాకు వచ్చేవి. అందుకని ఏది కొత్త కబురో తేల్చడానికి ఒక రూలు పెట్టారు: చక్రంలో సగం తిరిగేలోపు ముందున్నదే కొత్తది. బిట్లు రాలిన పుణ్యాన ఒకే నోడు పేరు మీద 8, 40, 44 సంఖ్యలతో మూడు కబుర్లు ఒకేసారి ఊరేగింపుకు బయల్దేరాయి. రూలు ప్రకారం 8 కన్నా 40 కొత్తది, 40 కన్నా 44 కొత్తది, 44 కన్నా మళ్ళీ 8 కొత్తది!

ఇక చూడండి వేడుక. ప్రతి నోడూ "ఆహా, తాజా కబురు" అంటూ పక్కనోడుకు అందించింది. పక్కనోడు తన పక్కనోడుకు అందించింది. మామూలు ట్రాఫిక్ కన్నా ఈ కబుర్లకే పెద్దపీట కాబట్టి అసలు పని మూలన పడింది. ఒక నోడును ఆపి మళ్ళీ లేపితే, పొరుగు నోడు ఆ మూడు కబుర్లనూ శ్రద్ధగా మళ్ళీ దాని చెవిన వేసింది. చివరికి ఫలానా నోడు పేరుతో వచ్చేవేవీ పట్టించుకోవద్దని అన్నిటికీ ప్యాచ్ వేస్తే గానీ జాతర చెదరలేదు. దారిలో ప్యాకెట్ చెడిపోతే పట్టుకోవడానికి చెక్‌సమ్ ఉంది. మెమరీలో కూర్చున్నప్పుడు చెడితే అడిగే నాథుడు లేడు. ఎరిక్ రోజెన్ రాసిన ఆర్ఎఫ్‌సీ 789 అనే పత్రం ఈ కథనంతా దాపరికం లేకుండా చెప్పింది. మూడు సంఖ్యలు కాగితం మీద రాసి చుట్టూ బాణాలు గీస్తే బయటపడే లోపం అది. ఆ కాగితం మాత్రం ఎవరికీ దొరకలేదు.

"అది పాత రాతియుగం సంగతి, ఇప్పుడు పండితులు చూస్తున్నారుగా" అంటారా? పండితుల వైభవమూ చూద్దాం. 1978లో రోజర్ నీధమ్, మైకేల్ ష్రోడర్ అనే ఉద్దండులు ఇద్దరు, పబ్లిక్ కీ సాయంతో ఒకరినొకరు గుర్తుపట్టే పద్ధతి రాశారు. దాని గుండెకాయ మూడే మూడు మెసేజ్‌లు. పాఠాల్లోకి ఎక్కింది, పరిశోధనలకు ముడిసరుకైంది. తర్కం పట్టుకుని పరీక్షించిన వారికి సైతం అందులోని కంత కనబడలేదు. 1995లో గావిన్ లో అనే పరిశోధకుడు వచ్చి చూపించాడు. దొంగ బయటినుంచే వస్తాడని అందరూ అనుకున్నారు. గావిన్ లో ఊహించిన దొంగ పద్ధతిగా తాళంచెవి ఉన్న సభ్యుడే. ఒకావిడ నమ్మి అతనితో మాట మొదలుపెడితే, ఆ మాటలే అరువు తెచ్చుకుని మరొకరి దగ్గర ఆవిడగా చలామణీ అవుతాడు. మందు కూడా చిన్నదే: రెండో మెసేజ్‌లో జవాబిచ్చేవాడు తన పేరు కూడా చేర్చాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సాధ్యమైన ప్రతి దారినీ వెతికి చూసే పనిముట్టు, ఎఫ్‌డీఆర్ అనే మోడల్ చెకర్, పట్టేసింది. మూడు మెసేజ్‌ల్లో కంత కనబడడానికి 17 ఏళ్ళు పడితే, మూడు వందల పేజీల ప్రమాణపత్రాన్ని ఒక మధ్యాహ్నం సమీక్షలో "ఓకే" చేసేవారి ధైర్యానికి దండం పెట్టాల్సిందే.

బోలెడు కంప్యూటర్ల మధ్య ఏ సమాచారం ఎవరి దగ్గరుందో వెతికిపెట్టే కార్డ్ అనే ప్రోటోకాల్ వైభోగం ఇంకా ఘనం. 2001లో పుట్టినప్పుడే అది తన సరళతనూ, రుజువు చేయదగిన సవ్యతనూ చాటుకుంది. 2011లో నెట్‌వర్క్ పరిశోధకుల సంఘం సిగ్‌కామ్ వారి కాలపరీక్ష పురస్కారం అందుకుంది. 2012లో పమేలా జేవ్ దాన్ని అల్లాయ్ అనే పనిముట్టులో పెట్టి, ఎప్పటికీ చెక్కుచెదరవని కర్తలు చెప్పుకున్న లక్షణాల్లో ఒక్కటీ నిలబడదని తేల్చింది. కాలం పెట్టిన పరీక్షలో పాసు, అల్లాయ్ పెట్టిన పరీక్షలో ఫెయిలు. కాలం పేపర్లు దిద్దడంలో ఎంత ఉదారమో చూశారా!

ఇక "మాది రుజువైన ప్రోటోకాల్" అని బోర్డు తగిలించేవారు. వీరి సంగతి మరీ ముచ్చట. ఇంటింటి వైఫైకి కాపలా కాసే డబ్ల్యూపీఏ2లో నాలుగు మెసేజ్‌ల కరచాలనం సురక్షితమని గణితంతో నిరూపించారు. 2017లో మాథీ వాన్‌హోఫ్ మూడో మెసేజ్‌ను మళ్ళీ పంపించాడు. ఫోను బుద్ధిగా పాత తాళాన్నే మళ్ళీ బిగించుకుని, ప్యాకెట్ల లెక్కింపును మొదటికి తెచ్చుకుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లయితే అన్నీ సున్నాలున్న తాళం తగిలించుకున్నాయి! మరి రుజువు తప్పా? కానే కాదు, అక్షరాలా ఒప్పు. తాళం ఎవరికీ తెలియదని రుజువు చేశారు గానీ, దాన్ని ఎన్నిసార్లు బిగించాలో అందులో రాసుకోలేదు. రుజువు ఎంత నిజమైనా అది తన కాంపౌండు గోడ దాటి రాదు. బోర్డు మాత్రం వీధి మొగలో పెడతారు.

"అంత టైమ్ ఎక్కడుందండీ?" అంటాడు మేనేజరు. ప్యాచ్ మీద ప్యాచ్ వేయడానికి మాత్రం ఆయన దగ్గర ఎక్కడలేని టైమూ ఉంటుంది. "స్థితులు కోట్లలో ఉంటాయి, ఎలా చూస్తాం?" అంటాడు ఆర్కిటెక్టు. కోట్లలో ఉన్నాయి కాబట్టే యంత్రానికి అప్పగించమనేది. జెరార్డ్ హోల్జ్‌మన్ బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన స్పిన్ అనే మోడల్ చెకర్ 1991 నుంచీ ఉచితంగానే దొరుకుతోంది. "మా టెస్టర్లు గట్టివాళ్ళు" అంటాడు ఇంకొకాయన. అమెజాన్ వారు టీఎల్ఏ ప్లస్ అనే పనిముట్టుతో డైనమోడీబీ అనే తమ డేటాబేస్‌లో పట్టిన ఒక లోపానికి అతి దగ్గరి దారే 35 అడుగులని 2015లో రాసుకున్నారు. ఆ 35 అడుగులూ అదే వరసలో వేసే టెస్టరు మీ ఆఫీసులో ఉంటే ఆయన్ని టెస్టింగ్‌లో ఎందుకు పెట్టారు? లాటరీ టికెట్లు కొనిపించండి.

చేయదలచుకుంటే సాధ్యమేనని, వెబ్‌సైట్లతో మన మాటలకు కాపలా కాసే టీఎల్ఎస్ 1.3 చూపించింది. 28 ముసాయిదాలు తిరగరాశారు. రాస్తుండగానే పరిశోధకులు టామరిన్, ప్రోవెరిఫ్ లాంటి పనిముట్లతో దాన్ని తిరగేసి, మరగేసి, దాడులకు దారిచ్చే చోట్లను కాగితం మీదే పట్టుకున్నారు. ఆ తర్వాతే 2018 ఆగస్టులో ప్రమాణంగా అచ్చయింది. దిద్దుబాటు ఖర్చు కొన్ని పేరాలు. అదే కోట్ల ఫోన్లలోకి చేరాక దిద్దాల్సివస్తే ఎంతవుతుందో డబ్ల్యూపీఏ2 వారిని అడగండి.

అందుకే కొత్త ప్రోటోకాల్ పట్టుకుని ఎవరు వచ్చినా కోడ్ చూడకండి, డెమో అసలే చూడకండి. మూడు సంగతులు రాసిమ్మనండి. ఏది ఎన్నటికీ జరగకూడదు? ఏది ఎప్పటికైనా జరిగి తీరాలి? దేన్ని నమ్ముకుని ఈ రెండు మాటలూ అంటున్నారు? మొదటి రెండూ రాసి, మూడోది ఎగ్గొట్టేవారితో మరీ జాగ్రత్త, బోర్డు తయారుచేయించేది వాళ్ళే. మూడూ రాయలేనివాడు రాసింది ప్రోటోకాల్ కాదు, కేటుగాడికి శుభలేఖ. ముహూర్తం పెట్టుకోవడం ఒక్కటే వాడికి మిగిల్చిన పని.