కాలిన్ కౌంటీలో మా రోజులు

ఇల్లు కొంటున్నావు, సంతోషం. కానీ అబ్బాయ్, ఫోన్‌లో సెన్సస్ వాళ్లు రాసిన కాలిన్ కౌంటీ జాతకం తెరిచిపెట్టుకుని వరసవరసా నాకు చదివి వినిపిస్తావేమిటి? నడిమి కుటుంబాదాయం లక్ష డాలర్లు దాటిందట. పెద్దవాళ్లలో సగం మందికి పైగా డిగ్రీలున్నాయట. ఆఫీసుకు చేరడానికి సగటున అరగంట కూడా పట్టదట. ఎవరికిరా ఆ సగటు? సాయంత్రం అయిదింటికి టోల్‌వే ఎక్కి నాతో అను ఆ మాట.

మేం టెక్సస్‌లో దిగినప్పుడు ఏ సెన్సస్ కాగితమూ చూడలేదు. ప్లేనోలో అప్పటికే ఉన్న మా ఊరివాడు ఫోన్ చేసి, "పక్క అపార్ట్‌మెంటు ఖాళీ అయింది బావా, వచ్చెయ్" అన్నాడు. వచ్చేశాం. అంతే పరిశోధన. 1990 లెక్కల్లో కౌంటీ మొత్తానికి జనం 2,64,000. ఫ్రిస్కోలో 6 వేల పైచిలుకు. ప్రెస్టన్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతే పొలాలూ, ఆవులూ, పైన బోలెడంత ఆకాశం. 2000లో స్టోన్‌బ్రయర్ మాల్ వచ్చేదాకా అక్కడ కారు ఆపాల్సిన పనే ఉండేది కాదు. 1980ల చివర్లో జేసీ పెన్నీ న్యూయార్క్ నుంచి ప్లేనోకి మకాం మార్చింది, 2017లో టొయోటా కాలిఫోర్నియా నుంచి వచ్చింది, వాటి వెనకాల మీరొచ్చారు. 2020కి కౌంటీ 10 లక్షలు దాటింది, ఫ్రిస్కో ఒక్కటే 2 లక్షలు. పెరుగుదల అని మురిసిపోతారు. నాకు కనిపించేది మాత్రం ఎర్ర లైటు తర్వాత ఎర్ర లైటు.

ఇంతా చేసి ఆ పేజీలో ఇంట్లో మాట్లాడే భాషల దగ్గర తెలుగు ఏదీ? చైనీస్, కొరియన్, వియత్నామీస్‌తో కలిపి ఆసియా, పసిఫిక్ దీవుల భాషలని ఒకే వరసలో కట్టేశారు. మనల్ని లెక్కపెట్టడం వీళ్లకు ఎప్పుడూ తికమకే. 1970లో భారతీయుల్ని తెల్లవాళ్ల కింద రాసుకున్నారు, 1980లో గానీ మనకంటూ ఒక గడి రాలేదు. 2020 లెక్కలకు తెలుగులో సూచనల పుస్తకం ఇచ్చారు, అది మాత్రం బాగుంది, కాదనను. మా ఊళ్లో అయితే జనాభా లెక్కలంటే బళ్లో మాస్టారే వచ్చేవారు. అరుగు మీద కూర్చుని, పెద్దోడికి ఉద్యోగం వచ్చిందా, ముసలమ్మకు దగ్గు తగ్గిందా అని అన్నీ అడిగి, మజ్జిగ తాగి, అప్పుడు రాసుకునేవారు. ఇక్కడ కవరొస్తుంది, నింపి పంపేస్తాం.

ఇంటికెన్ని వాహనాలో కూడా ఉందన్నావు చూడు, దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్లకు నికరంగా నడిచే కారు ఒక్కటే. గుడికి ఇర్వింగ్ పోవాలంటే శుక్రవారమే ఫోన్లు మొదలు: ఎవరొస్తున్నారు, పులిహోర ఎవరిది, వెనక సీట్లో ఎవరు ఇరుక్కోవాలి. ఎవడి ఉద్యోగం ఊడింది, ఎవరి చెల్లెలికి సంబంధం కుదిరింది, అన్నీ ఆ కారులోనే తెలిసేవి. ఇప్పుడు హనుమంతుడు ఫ్రిస్కోకే వచ్చాడు. నేనూ అక్కడికే పోతాను, దగ్గర కదా. ఒక్కో ఇంటి నుంచి రెండేసి కార్లు వస్తాయి, పార్కింగ్ దొరక్క చుట్లు కొడుతూ ఒకరికొకరం చేతులూపుకుంటాం.

అసలు నువ్వు కొంటున్న నేల సంగతి ఎవరైనా చెప్పారా? ఇది పత్తి నేల. 1900లో ఇక్కడ 50 వేల మంది ఉండేవాళ్లు, 1960 నాటికి 41 వేలకు పడిపోయారు. పత్తి తగ్గింది, పిల్లలు పట్నాల దారి పట్టారు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి లాంటిదే ఇదీ. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, ఇంటిని కూడా తనతోపాటు కదిలిస్తుంది. ఇల్లు ఏ దశాబ్దంలో కట్టారో, ఎన్ని పడగ్గదులో మీ కాగితంలో ఉంటుంది. ఆగస్టులో పునాది చుట్టూ నేలకు నీళ్లు పెట్టకపోతే తలుపులు బిగుసుకుపోతాయనీ, కిటికీ మూల నుంచి గోడకు పగులు పాకుతుందనీ ఉండదు. నాకది చెప్పింది పక్కింటి అమెరికన్ ముసలాయన. చిన్నప్పుడు పత్తి ఏరిన మనిషి. నేను సొంతింట్లో కొత్తగా చేరానని కంచె దాటి వచ్చి, చిల్లుల పైపు గోడకు ఎంత ఎడంగా వెయ్యాలో జానలతో కొలిచి చూపించాడు. వేలు మట్టిలోకి దించి, ఇంత లోతు తడి ఉండాలన్నాడు. మీ వీధిలో డోర్‌బెల్ కెమెరాలో తప్ప ఎవరి మొహం ఎవరు చూస్తున్నారురా?

శనివారం ఎండ ముదరకముందే నన్ను ఆ సబ్‌డివిజన్‌కి తీసుకెళ్లు. వంటిల్లు, గ్రానైటు బల్ల తర్వాత చూద్దాం. ముందు గోడల వెంబడి ఒక చుట్టు తిరగాలి, ఆపైన పక్కింటి తలుపు తట్టాలి. మాట్లాడేది నేనే, నువ్వు ఫోన్ జేబులో పెట్టుకుని నిలబడు.