కోసిన ముక్క ఎక్కడికి పోయింది?

మా రోజుల్లో ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి వచ్చిందంటే కోయిలకుంట్ల నుంచి దొరికిన బస్సో లారీయో ఎక్కించి కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చేవాళ్లు. స్కానింగులు లేవు. డాక్టరు కడుపు కుడివైపు కింద వేళ్లతో నొక్కి, గబుక్కున వదిలి, రోగి ముఖం చూసేవారు. కోసేదాకా లోపల ఏముందో తెలిసేది కాదు. ఇప్పుడు నంద్యాలలోనే మెడికల్ కాలేజీ ఉంది, 2023లో మొదలైంది. అల్ట్రాసౌండు, సీటీ, చిన్న రంధ్రాలతో ఆపరేషను, రెండు మూడు రోజుల్లో ఇల్లు. ఆపరేషన్ థియేటర్లోనే బతుకంతా గడిపినవాణ్ని, వీటిని తప్పు పట్టను. నా కోపమంతా ఆ తర్వాత జరిగే దానిమీద.

అప్పట్లో తీసిన అపెండిక్స్ ట్రేలోకి రాగానే మా పెద్ద సర్జన్ దాన్ని మొదలు నుంచి కొసదాకా వేళ్లతో తడిమేవారు. ఒకసారి కొసలో శనగగింజంత గట్టిగా తగిలింది. మాట్లాడకుండా నా వేలు పట్టి అక్కడ పెట్టించారు. ఫార్మలిన్ సీసాలో వేసి, పేరూ వార్డూ రాసిన చీటీ అంటించి, “పాథాలజీకి నువ్వే పో, ఎవరి చేతికీ ఇయ్యొద్దు” అన్నారు. కార్సినాయిడ్ అనే రకం కణితి అని రిపోర్టు వచ్చింది.

తీసిన అపెండిక్సుల్లో నూటికి సుమారు ఒకదానిలో కణితి ఉంటుంది. చాలాసార్లు అది మామూలు అపెండిసైటిస్ నొప్పిగానే వస్తుంది, మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడే బయటపడుతుంది. కార్సినాయిడ్ సెంటీమీటరులోపు ఉంటే అపెండిక్స్ తీయడంతోనే సాధారణంగా పని అయిపోతుంది. రెండు సెంటీమీటర్లు దాటితే పెద్దపేగు కుడిభాగాన్నీ, దాని లింఫు గ్రంథులనూ తీయాలి. మధ్యలో ఉన్నవాటికి ఎంత లోతుకు పాకింది, మొదట్లో ఉందా కొసలో ఉందా అని చూసి నిర్ణయిస్తారు. అడినోకార్సినోమా అనే క్యాన్సర్ అయితే చాలావరకు పెద్ద ఆపరేషనే. ఇంకో రకం ఉంది, అపెండిక్స్ జిగురుతో ఉబ్బిపోతుంది. అది చేతిలో పగిలితే జిగురుతోపాటు కణాలూ కడుపంతా చల్లినట్టవుతుంది. అలా పాకినవాళ్లకు కడుపులో కణాలు పట్టిన పొరలన్నీ ఒలిచి, 41, 42 డిగ్రీల వేడిలో మందును కడుపులో గంటకు పైగా తిప్పే వైద్యం ఉంది. దానికి హైదరాబాదు లాంటి చోట్ల పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికే పోవాలి. మా కాలంలో అదీ లేదు.

ఇంత తెలిసిన కాలంలో, ఈ మధ్య మా వీధి కుర్రాడు ఆపరేషన్ వీడియో ఫోనులో చూపించాడు. బయాప్సీ రిపోర్టు ఏదిరా నాయనా అంటే, “అపెండిక్సే గదా తాతా, దానికి ఇంకో బిల్లు యాల?” అన్నాడు. ముక్క ఏ బకెట్లో పడిందో వాడికి తెలియదు. వీడియో జాగ్రత్తగా ఉంది!

ఇంకో బాధ. అపెండిక్స్ చుట్టూ చీము గడ్డకడితే మా రోజుల్లో ముందు మందులతో తగ్గించి, ఆరు వారాలకో ఎనిమిది వారాలకో మళ్లీ రమ్మని, అప్పుడు తీసేవాళ్లు. రాకపోతే ఇంటికి కార్డు రాసేవాళ్లం. ఇప్పుడు నొప్పి తగ్గితే చాలు, మనిషి పత్తిచేనికి పోతాడు, రమ్మని అడిగేవాళ్లూ లేరు. ఆ పాత పద్ధతి దండగ అన్న మాట కూడా విన్నాను. ఫిన్లాండ్‌లో దీన్నే పరీక్షించారు. చీముగడ్డ తగ్గిన 60 మందిని తీసుకుని, కొందరికి ఆపరేషను, మిగతావాళ్లకు ఎంఆర్ఐతో చూసుకోవడం. అయిదుగురిలో ఒకరికి కణితి కనిపించింది, వాళ్లందరూ నలభై దాటినవాళ్లే. ఇక ఇలా వదిలేయడం సరికాదని పరిశోధననే మధ్యలో ఆపేశారు. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి.

అందుకే మా కుందూ గట్టు పల్లెల నుంచి ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతున్నాను. నలభై దాటి, గడ్డకట్టి, మందులతో తగ్గిందా? పత్తి తీత ఆగదని చెప్పొద్దు, సర్జన్ దగ్గరికి మళ్లీ పో. ఆపరేషన్ అయిందా? ముక్క పరీక్షకు పంపారా అని అడుగు, కుట్లు విప్పే రోజున రిపోర్టు చేతికి తీసుకో. కాగితం పోయినా, ముక్కను పంపి ఉంటే ల్యాబు నంబరు చెప్పి అడుగు. దాన్ని మైనం దిమ్మెలో ఏళ్ల తరబడి దాస్తారు, అవసరమైతే మళ్లీ పలచగా కోసి చూడగలరు.