కలివికోడి లైఫ్ సర్టిఫికెట్

పింఛనుదారు ఏటా తాను బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవాలి. ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. పక్షులకు ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ పెట్టిన పద్ధతి దీనికి తిరగేసినది. ఆఖరిది కూడా పోయిందనడంలో అనుమానం మిగలనప్పుడే ‘అంతరించింది’ అని రాస్తారు. అందాకా ప్రమాదంలో ఉన్నట్టే. 1876లో నైనిటాల్ దగ్గర చిక్కాక మళ్లీ రుజువుగా దొరకని హిమాలయన్ క్వెయిల్‌ది ఇప్పటికీ ‘తీవ్ర ప్రమాదం’ గడే.

ఇదేం చాదస్తం అంటారా? మన కడప కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత అయిపు లేదు. పండితులు నీళ్లొదిలేశారు. తీరా 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర పొదల్లో రాత్రిపూట ప్రాణాలతో పట్టుబడింది. ఊళ్లో పిట్టలు పట్టేవాళ్లకు అది తెలిసిన పిట్టే, పేరు కూడా వాళ్లు పెట్టుకున్నదే. పండితులకే తెలియలేదు, అంతే. 1988లో దానికోసం లంకమల అభయారణ్యం వచ్చింది, అదే ఏడు తపాలా బిళ్లా వచ్చింది. బతికుండగానే స్టాంపెక్కే యోగం ఎందరికుంటుంది!

తర్వాత మొదలైంది తలనొప్పి. తెలుగుగంగ కాలువ దాని పొదల్లోకి వచ్చింది. పిట్ట బతికుంది కాబట్టి కాలువే పక్కకు జరగాల్సి వచ్చింది. ఆఫీసు భాషలో తేడా ఇదే: ప్రమాదంలో ఉన్న పక్షి ఫైలుకు అడ్డం, అంతరించిన పక్షి దేనికీ అడ్డం రాదు. సెంటు భూమి అడగదు, అనుమతులు ఆపదు. కూడలిలో సిమెంటు బొమ్మ పెడితే తృప్తి పడుతుంది.

ఆ మర్యాద తెలిసినది బట్టమేక పిట్ట. నంద్యాల జిల్లా రోళ్లపాడులో దానికోసమే అభయారణ్యం పెట్టాం. అభయం అలాగే ఉంది, పిట్ట కనబడి ఏళ్లయింది. రాజస్థాన్‌లో కొన్ని మిగిలాయి గనుక కాగితం మీద దానిది ఇంకా ప్రమాదమే.

పోతే పోయింది, బయటి నుంచి తెప్పించుకుందాం అనేవారూ ఉన్నారు. 1952లో దేశంలో లేదని తేల్చేసిన చీతాలు 2022లో నమీబియా నుంచి ఎనిమిది విమానమెక్కి రాలేదా అంటారు. వచ్చాయి, అక్కడ ఉన్నాయి గనుక. కలివికోడికి నమీబియా లేదు. ప్రపంచం మొత్తమ్మీద దానికి ఇవాళ తెలిసిన చిరునామా కడప జిల్లా చిట్టడవే.