పెట్టె పాడైతే మగ్గం ఆగాలా?

మా రోజుల్లో మగ్గం ఆగితే ఎందుకాగిందో కంటికి కనబడేది. దొడ్డబళ్ళాపురంలో ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం మాట్లాడుకునే నేతవాళ్ళం మేము. చీర అంచులో బుటా చెడిందంటే మగ్గం ఆపి, నిచ్చెనెక్కి, జకార్డు మీద వేలాడే అట్టల్లో తప్పు ఏ అట్టదో వెతికి పట్టుకునేవాళ్ళం. పేకకో అట్ట. రంధ్రం ఉన్నచోట సూది అందులోకి దూరుతుంది, దాని హుక్కు పోగుని పైకి లేపుతుంది. రంధ్రం లేనిచోట అట్ట సూదిని వెనక్కి తోసేస్తుంది, హుక్కు కిందే ఉండిపోతుంది. అంతే యంత్రం. రంధ్రం చిరిగితే ముక్క అంటించి మళ్ళీ కొట్టేవాళ్ళం. అట్టలు కుట్టిన దారం తెగితే మా ఆడవాళ్ళే కుట్టేసేవారు. ఫ్రాన్సులోని లియోన్‌లో 1804 ప్రాంతంలో జకార్డ్ అనే ఆయన చేసిన ఏర్పాటు ఇది. ఆయన ఊరి పేరు కూడా తెలియని మా మేస్త్రీలు దాన్ని విప్పి బిగించగలిగారు.

ఇప్పుడు ఆ అట్టల చోట ఎలక్ట్రానిక్ పెట్టె ఉంది. 1983లో మిలాన్‌లో జరిగిన జౌళి యంత్రాల ప్రదర్శనలో బోనాస్ అనే కంపెనీ ఎలక్ట్రానిక్ జకార్డు చూపించింది. మా ఊరి షెడ్లకి అది చాలా ఏళ్ళ తరవాత వచ్చింది. వచ్చినందుకు నాకు కోపం లేదు. కొత్త కొంగుకి వేలకు వేలు అట్టలు కొట్టించి, కుట్టించి, ఎక్కించే పని ఎంత నడుం విరిచేదో నాకు తెలుసు. ఇవాళ డిజైను పెన్‌డ్రైవ్‌లో వస్తుంది, పొద్దున ఒక చీర, సాయంత్రం మరొకటి నేస్తున్నారు. నా కోపమంతా దాన్ని అమ్మినవాళ్ళ మీద.

పోయినేడు మా పెట్టె, అంటే కంట్రోలరు, ఆగిపోయింది. మగ్గం బాగుంది, హుక్కులు బాగున్నాయి, మోటారు బాగుంది. పెట్టె తెరిచి చూస్తే పవర్ సప్లైలో రెండు కెపాసిటర్లు పైన ఉబ్బి ఉన్నాయి. రేడియో బాగుచేసే అబ్బాయి వాటిని మార్చేశాడు. అయినా నడవలేదు, అసలు చిప్పు కూడా పోయింది. ఆ చిప్పు మీద అచ్చయిన నంబరుని ఎవరూ చదవకుండా గీకేశారు. లోపలి ప్రోగ్రాం కాపీ కాకుండా తాళం వేశారు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ మోడల్ ఆపేశాం, కొత్త పెట్టె కొనుక్కోండి అన్నారు. కొత్త పెట్టెకి హుక్కుల్ని నడిపే పాత మాడ్యూళ్ళు సరిపడవట, అవీ మార్చాలట. నలభై ఏళ్ళు నడిచే మగ్గానికి పదేళ్ళైనా నిలవని పెట్టె తగిలించి, ఆ తరవాత మాకేం సంబంధం లేదంటే ఎట్లా?

ఇలాగే జరగాలనేం లేదు. అమెరికాలో పిన్‌బాల్ అని ఉక్కు గోళీతో ఆడే ఆట యంత్రాలున్నాయి. వాటిలోనూ డెబ్బైల్లోనే కంప్యూటర్ చేరింది. విలియమ్స్ అనే పెద్ద కంపెనీ 1999 అక్టోబరులో ఆ వ్యాపారమే మూసేసింది. అయినా దాని పాత యంత్రాలు ఇవాళ్టికీ ఆడుతున్నాయి. ఎందుకంటే యంత్రంతోపాటు ఇచ్చిన పుస్తకంలో సర్క్యూట్ బొమ్మలూ, విడిభాగాల నంబర్లూ ఉండేవి. బ్యాటరీ కారి బోర్డుని తినేస్తే, ఆ బొమ్మలు చూసి కొత్త బోర్డులు చేసి అమ్ముతున్నారు. అదే కంపెనీ చివర్లో మామూలు కంప్యూటర్ బోర్డు పెట్టి పిన్‌బాల్ 2000 అని తెచ్చింది. ఆ బోర్డులు దొరకడం కష్టమైతే, ఆటని ప్రేమించినవాళ్ళే వేరే కంప్యూటర్‌తో నడిచేలా ప్రోగ్రాం రాసుకున్నారు. ఆటకి దొరికిన ఆ ఆదరణ, పిల్లల ఫీజులు కట్టే మగ్గానికి దొరకదా?

మన దగ్గరా ఈ ఆలోచన ఉంది. 2022 జులైలో కేంద్రం, కొన్న వస్తువుని బాగుచేయించుకునే రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లూ ట్యాబ్లెట్లూ, ఇంటి సామాను, వాహనాలు అని నాలుగు రంగాలతో మొదలుపెట్టారు. అది చదివి నేను సంతోషించాను, తరవాత మగ్గం కోసం వెతికాను. లేదు. ట్రాక్టరు రైతుకి ఎంతో, జకార్డు నేతగాడికీ అంతే కదా. దొడ్డబళ్ళాపురం, ధర్మవరం నేతవాళ్ళు కలిసి ఒక అర్జీ పెడితే ఐదో రంగంగా చేర్చమని అడగొచ్చు.

అంతదాకా, పెట్టె కొనబోయే మా కుర్రాళ్ళకి ఒకటే మాట చెబుతున్నాను. అడ్వాన్సు ఇవ్వకముందు బిల్లు మీద రాయించుకోండి: సర్క్యూట్ బొమ్మ చేతికివ్వాలి, చిప్పు నంబరు గీకకూడదు, మోడల్ ఆపేసిన రోజున లోపలి ప్రోగ్రాం మగ్గం యజమానికి అప్పగించాలి. రాయనన్నవాడి దగ్గర కొనకండి, వాడు ఎంత తగ్గించి ఇచ్చినా సరే.