ఎస్టిమేటు బాబాయి

గ్రౌండు ఉన్న ప్రతి ఊళ్ళోనూ దాన్ని పెద్దది చేయాలని పట్టుబట్టే పెద్దమనిషి ఒకరుంటారు. ఆయన జన్మలో పరుగెత్తి ఎరగరు. బంతి దొర్లుకుంటూ వస్తే తన్నరు, పంచె సర్దుకుని పక్కకు తప్పుకుంటారు. అది ఎన్ని మీటర్లు దొర్లిందో మాత్రం చూడగానే చెప్పేస్తారు. మా ఊళ్ళో ఆయన్ని ఎస్టిమేటు బాబాయి అంటారు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైంది ఆయనే, టేపు కాదు.

తెల్లారేసరికి గ్రౌండులో ఉంటారు, వాకింగ్‌కు కాదు. చంకలో ఎల్‌ఐసీ డైరీ, చేతిలో తోలు డబ్బాలో చుట్టిన ముప్ఫై మీటర్ల టేపు. టేపుకు రెండు కొసలుంటాయి గనుక ఆయనకు రోజూ ఒక మనిషి కావాలి. మేమంతా దూరం నుంచే చూసి షూ లేసు కట్టుకునే నెపంతో వంగిపోతాం. పోలీసు సెలెక్షన్లకు తయారయ్యే కుర్రాళ్ళే దొరికిపోతారు. 1600 మీటర్లు పరుగెత్తి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగర్చేవాడు ఎక్కడికని పారిపోతాడు? "ఒరే అబ్బాయ్, ఈ కొస పట్టుకుని వేపచెట్టు దాకా నడు" అంటారు. ఆ వేపచెట్టుకు గోడకు మధ్య దూరం ఎప్పుడు కొలిచినా అంతే ఉంటుంది. అయినా కొలుస్తారు. రాత్రికి రాత్రి గోడ జరగడం ఆయన సర్వీసులో చూశారట.

మా గ్రౌండు ఆరెకరాలు. అందులో 200 మీటర్ల ట్రాకు. 1600 పూర్తి కావాలంటే ఎనిమిది చుట్లు తిరగాలి. నాలుగు చుట్లలో అయిపోయే 400 మీటర్ల ట్రాకు బాబాయి కల. మన కలల్లాంటిది కాదది, దానికి కొలతలున్నాయి. "వంపు రేడియస్ 36.50. తిన్నగా పోయే భాగం 84.39. వరుస వెడల్పు 1.22. ఎనిమిది వరుసలేస్తే పొడవు 177, వెడల్పు 93 మీటర్లు. అంటే నాలుగెకరాల పైచిలుకు. మనకు ఆరున్నాయి కదరా! ఇంకేం కావాలి?"

ఇంకో ఇరవై రెండు మీటర్లు కావాలి. ఆరెకరాలైతే ఉన్నాయి గానీ అవి చదరంగా ఉన్నాయి. ఎటు కొలిచినా 155 మీటర్ల దగ్గర గోడ తగులుతుంది. గోడ అవతల మార్కెట్ యార్డు వారి పాడుబడ్డ గోడౌను. అందులో ఇప్పుడు ధాన్యం లేదు, గబ్బిలాలున్నాయి. ఆ ఇరవై రెండు మీటర్లు మునిసిపాలిటీకి బదలాయించండి మహాప్రభో అన్నదే బాబాయి రాసిన అర్జీలన్నిటి సారాంశం.

స్థలం రాకపోయినా ఎస్టిమేటు ఆగదు. గ్రావెల్ లెక్క ఆయన నోట వినాలి. ట్రాకు విస్తీర్ణం 4,185 చదరపు మీటర్లు. పదిహేను సెంటీమీటర్ల మందాన పరిస్తే 628 క్యూబిక్ మీటర్లు. టిప్పరుకు ఆరు చొప్పున 105 టిప్పర్లు. ఒకసారి మునిసిపల్ ఆఫీసులో కొత్తగా చేరిన ఏఈ అమ్మాయి ఇదంతా విని, "సార్, ఆ పదిహేను సెంటీమీటర్లు రోలరు తిప్పకముందా, తిప్పాకా?" అని అడిగింది. బాబాయి మొహం వెలిగిపోయింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ పై అధికారీ ఆయన్ని అడగని ప్రశ్న అది. తిప్పకముందు కొలిచి, ఎంబుక్కు అనే కొలతల పుస్తకంలో తిప్పాక కొలిచినట్టు రాయించుకునే కాంట్రాక్టర్ల గురించి గంటసేపు చెప్పారు. అలాంటివాళ్ళలో కొందరిని ఆయన చూసీ చూడనట్టు వదిలేశారని గిట్టనివాళ్ళంటారు. నాకు తెలియదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటే దానికీ లెక్క సిద్ధం. "ఎంపీ ల్యాడ్స్ ఏడాదికి 5 కోట్లు. పార్లమెంటు నియోజకవర్గానికి ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. భాగిస్తే మనకు న్యాయంగా 71 లక్షల 42 వేలు." తాతగారి ఆస్తిలో రావలసిన వాటా అడిగినంత ధీమాగా అంటారీ మాట. జీఎస్టీ 18 శాతం, లేబర్ సెస్ 1 శాతం కలపడం మర్చిపోరు. మన తెలివంతా పన్నులు కలపడంలోనే ఉందని నాకు ఆయన్ని చూశాకే తెలిసింది.

పథకాల సంగతీ అంతే. 2008లో కేంద్రం పంచాయతీల్లో ఆటల కోసం పైకా పథకం పెట్టినప్పుడు మాది పంచాయతీయే గనుక బాబాయి మొదటి ఎస్టిమేటు వేశారు. 2014లో అది రాజీవ్ గాంధీ ఖేల్ అభియాన్ అయింది, పై అట్ట మార్చారు. తర్వాత ఖేలో ఇండియా వచ్చింది, మళ్ళీ అట్ట మార్చారు. ఈలోగా మా ఊరు మునిసిపాలిటీ అయింది, ఇసుక ధర చుక్కలనంటింది. లోపలి కొలతలు మాత్రం ఇంచీ మారలేదు.

ఇక గ్రౌండు కమిటీ మీటింగు. బాబాయి ట్రాకు బొమ్మ గోడకు అతికించి, 400 మీటర్ల పందెంలో ఎవరెక్కడ నిలబడాలో వివరించారు. మొదటి వరుసవాడి కన్నా రెండోవాడు 7 మీటర్లు, అలా పోను పోను ఎనిమిదోవాడు 53 మీటర్లు ముందు నుంచి బయలుదేరాలి. బయటి వంపు పెద్దది గదా, అందరూ సమానంగా పరుగెత్తాలంటే అంతే. ఒక కౌన్సిలరుగారు బల్ల గుద్దారు. "యాభై మూడు మీటర్లు ముందు నిలబెట్టి సమానమంటే ఎలా? రేపు మా వార్డు కుర్రాణ్ణి మొదటి వరుసలో పడేస్తే?" చివరికి తీర్మానం రాసుకున్నారు: ఎనిమిదో వరుస వార్డుల వారీగా వంతులవారీ.

అదే మీటింగుకు వాస్తు సిద్ధాంతిగారు కూడా వచ్చారు. రావాలని ఏ జీవోలోనూ లేదు, రాకపోతే పని మొదలుకాదు. ట్రాకు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దుటెండ, సాయంత్రపుటెండ ఆటగాళ్ళ కళ్ళలో కొట్టవని, గ్యాలరీ పడమట ఉంటే సాయంత్రం ఎండ జనం వీపున పడుతుందని ఏఈ చెప్పింది. నైరుతిలో బరువుండాలి గనుక గ్యాలరీ అటే ఉండాలని సిద్ధాంతిగారు చెప్పారు. ఇంజనీరింగూ వాస్తూ ఒక్కమాట మీదికొచ్చిన శుభదినం అది. మైసూరుపాకు తెప్పించారు.

అది తింటుండగా ఏఈ అమ్మాయి పేజీలు తిప్పి, "సార్, డ్రెయిను ఏ పేజీలో ఉంది?" అంది.

ఏ పేజీలోనూ లేదు. వాన నీరు ఈశాన్యానికి పోవాలని సిద్ధాంతిగారు, పోయే కాలువ నైరుతిలో ఉందని ఏఈ. ట్రాకు అడ్డంగా నూటికి ఒకటికి మించి, పరుగు దిశలో వెయ్యికి ఒకటికి మించి వాలకూడదు గనుక నీళ్ళను ఎటు పడితే అటు తోలడానికీ లేదు. డ్రెయిను వచ్చే మీటింగుకు వాయిదా పడింది. అప్పటికి ఖరారైనవి ఇవి: ప్రహరీ, ముఖద్వారం ఆర్చి, ఆర్చి మీద ఇత్తడి అక్షరాలు, గ్యాలరీ, అందులో వీఐపీలకు వేరే మెట్లు, ఫ్లడ్‌లైట్ స్తంభాలు. ఫ్లడ్‌లైట్ల కరెంటు బిల్లు ఎవరు కడతారని ఎవరూ అడగలేదు, స్తంభాలకే కదా డబ్బు! గడ్డి కోసే మిషను, ఆడపిల్లలకు మరుగుదొడ్డి, మంచినీళ్ళ కుళాయి, వాచ్‌మన్ జీతం లేవు.

ఎందుకిలా అని నేనో రోజు టేపు పట్టుకుని నిలబడి అడిగాను. బాబాయి దాచలేదు. "అబ్బాయ్, ఆర్చికి దాత దొరుకుతాడు. గ్యాలరీకి ఎమ్మెల్యేగారి శిలాఫలకం ఉంటుంది. మురుక్కాలవ మీద మా నాన్న పేరు చెక్కించండని వచ్చినవాణ్ణి చూపించు, రేపే మొదటి ఐటెం కింద రాస్తాను." ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన వాటిలో రూపాయి కూడా పెంచకుండా చెప్పిన మాట అదే. దాని ఫలితం ఏటా శ్రావణంలో చూస్తాం. గ్రౌండు నడుమ మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. బాతులకు మేలు. సెలెక్షన్ల కుర్రాళ్ళు బైపాస్ రోడ్డెక్కి, లారీలకు ఒదుగుతూ పరుగెత్తుతారు.

ఇంత చెప్పాక ఆయనకు రావలసింది కూడా చెప్పాలి. మొన్నామధ్య గ్రౌండులో సగం తీసి షాపింగ్ కాంప్లెక్సు కడదామన్నారు. షాపులకు అడ్వాన్సులిచ్చేందుకు మనుషులూ తయారయ్యారు. ఆఫీసులో ఫైలు తెప్పిస్తే ఒకటి కాదు, మోయలేనన్ని వచ్చాయి. అన్నీ బాబాయివే. ఇదే స్థలాన్ని పెంచాలన్న ప్రతిపాదన పెండింగులో ఉండగా తగ్గించే ప్రతిపాదన ఎలా పంపుతామని గుమాస్తా అడ్డం పుల్ల వేశాడు. ముందు పెంచడం కుదరదని తేల్చాలి. తేల్చాలంటే మార్కెట్ యార్డు వాళ్ళు జవాబివ్వాలి. వాళ్ళు ఇవ్వరు. షాపుల వాళ్ళు విసిగి బస్టాండు వైపు పోయారు. ఒక్క రాయి కూడా పడని ఎస్టిమేటు ఆరెకరాలనూ కాపాడింది. ఈ మాటంటే బాబాయికి కోపం. కట్టనిదేదీ ఆయన లెక్కలో పని కిందికి రాదు.

మీ ఊళ్ళోనూ ఈయన ఉండే ఉంటారు. ఎదురొస్తే షూ లేసు వెతుక్కోకండి, టేపు రెండో కొస పట్టుకోండి. పట్టినందుకు కూలి అడగండి: ఎస్టిమేటులో మొదటి ఐటెం డ్రెయిను, రెండోది మరుగుదొడ్లు, మూడోది వాచ్‌మన్ జీతం. ఆయన డైరీలో రాసేదాకా కొస వదలకండి. ఆర్చి సంగతి ఆయనే చూసుకుంటారు.